బుట్టలో పడనిది

ఇస్త్రీపెట్టె ఎప్పుడో చల్లారిపోయింది. అయినా ఒరాలీ ఆ తెల్లచొక్కా కాలరు మీద దాన్ని రుద్దుతూనే ఉంది.

"అత్తమ్మా, పెట్టె మళ్ళీ పొయ్యి మీద పెట్టనా?" అంది వెర్నెట్టా.

ఒరాలీ చొక్కాని రెండో పక్కకి తిప్పింది. పొద్దుటినుంచీ ఇంతే. కోడలు మాట్లాడితే ఆమెకి చెవుడు. మనవరాలు మూలిగితే మాత్రం వినబడుతుంది.

బ్రదర్ హోసియా బల్ల దగ్గర కూర్చుని మొక్కజొన్న రొట్టెని మజ్జిగలో ముంచుకుని తింటున్నాడు. చర్చికి ఆయన పెద్ద డీకన్. ఓటు కోసం చేసిన ఊరేగింపులో ఒరాలీ కొడుకు కార్నెల్‌ని షెరీఫ్ పట్టుకుపోయినప్పటినుంచి ఈ ఇంటి వరండా వదల్లేదు. ఆయన పక్కన ఎప్పుడూ చుట్టిపెట్టిన బొంత ఒకటి ఉంటుంది. ఒళ్ళు పేలిపోయే ఈ ఆగస్టు ఎండల్లో బొంతెందుకని ఎవరూ అడగరు.

"నా మాట విను సిస్టర్ ఒరాలీ," అన్నాడు నోటినిండా రొట్టెతో. "ఇది షెరీఫ్ మనుషుల పనే. కోర్టు మెట్ల మీద డిప్యూటీ మన కార్నెల్‌ని కాలరు పట్టుకుని గుంజాడు. కోటు చిరిగింది. లైనింగులోంచి కత్తి టంగుమని కిందపడింది."

ఒరాలీ చెయ్యి ఆగింది. "లైనింగులోంచా? జేబులోంచి కాదూ?"

"లైనింగులోంచే. లోపల పెట్టి కుట్టేశారట. ఇవాళ షెరీఫ్ ఆ కోటు బల్లమీద పరిచి పేపరువాళ్ళకి చూపించాడు. నల్లకోటుకి నీలం దారం! దొంగపని సరే, కుట్టుపని కూడా చేతకాదు వెధవలకి." హోసియా పగలబడి నవ్వాడు. "షెరీఫ్ అంత లావు వేళ్ళతో సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాడేమో, ఊహించుకో!"

ఒరాలీ నవ్వలేదు. కోడలి వైపు చూడనూ లేదు. కుట్టుమిషను పక్కనున్న దారాల పెట్టె వైపు చూసి, మళ్ళీ చల్లారిన పెట్టెని చొక్కా మీద కదిపింది.

వెర్నెట్టా పిల్ల జుట్టులో మొహం దాచుకుంది. డెల్లాకి కింది పన్ను వస్తోంది. ఒళ్ళు వెచ్చగా ఉంది. తల్లి గౌను అంచు నోట్లో పెట్టుకుని నములుతోంది.

ఆ నీలం దారం ఎక్కించింది తనే. నల్లదారం కండె అయిపోయింది. లోపలి కుట్టు ఎవరు చూస్తార్లే అనుకుంది.

ఆ కత్తి వెర్నెట్టా నాన్నది. పీచ్ తోటలో అంట్లు కట్టేవాడు దానితో. కొమ్ము పిడి మీద కాల్చిన తీగతో ఒక ఆకు బొమ్మ వేసుకున్నాడు. చర్చి విందుల్లో పిల్లలందరికీ పళ్ళు చెక్కు తీసి పెట్టేది వెర్నెట్టా ఆ కత్తితోనే. ఆ ఆకుని చూస్తే గుర్తుపట్టని మనిషి మేసన్స్ బెండ్ నల్లవాళ్ళ పేటలో ఉండడు.

ఎవరినో పొడవమని కాదు. పోయినసారి ఊరేగింపులో కార్నెల్‌ని కొట్టిన దెబ్బకి చెవిలోంచి రక్తం కారింది. ఇప్పటికీ ఎడంపక్కనుంచి పిలిస్తే వినబడదు. ఈసారి చేతులు కట్టేసి, కార్లో ఎక్కించుకుని అడవిదారి పట్టిస్తే? తాడు కోసుకోడానికైనా ఉంటుందని. అంతే. అతనికి చెప్తే వద్దంటాడని చెప్పకుండా కుట్టేసింది.

మర్నాడు పొద్దున్న చర్చి గుమ్మంలో బుట్ట పట్టుకుని నిలబడింది కూడా తనే. పాలిచ్చే తల్లి కాబట్టి ఊరేగింపులోకి రావద్దని, బుట్టపని పాస్టరుగారు తనకి అప్పజెప్పారు. జేబుకత్తి, గోళ్ళు తీసుకునేది, ఉక్కుదువ్వెన, ఆడవాళ్ళ టోపీలకి పెట్టుకునే పిన్నులు, ఆఖరికి మొన తేలిన పెన్సిలైనా సరే, ఆ బుట్టలో వేసి ఖాళీ చేతుల్తో వీధిలోకి దిగాలి. అది ఆయన నియమం.

కార్నెల్ వరసలో వచ్చి ఉక్కుదువ్వెన బుట్టలో వేసి, రెండు జేబులూ తిరగేసి చూపించాడు. "కన్నాలు తప్ప ఇంకేం లేవు మేడమ్. వాటిని కూడా వేసెయ్యనా?"

వెనకున్నవాళ్ళు నవ్వారు. తనూ నవ్వింది. నవ్వి, "దేవుడు తోడుండుగాక, పద," అంది.



*

పాస్టరు థాడియస్ ప్రూయిట్ వచ్చేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. జైలు నుంచి నడిచే వచ్చారు. బస్సుల్లో వెనకసీటు మాకొద్దని ఊరంతా బస్సెక్కడం మానేసిన ఏడాది ఆయన కాళ్ళు వాచాయి. ఆ వాపు మళ్ళీ తగ్గలేదు.

"వాడు తిన్నాడా?" అంది ఒరాలీ. అదీ ఆమె మొదటి ప్రశ్న.

"పెట్టింది తిన్నానన్నాడు. ఏం పెట్టారో నేనడగలేదు, వాడు చెప్పలేదు." టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారాయన. "అడగాల్సింది అడిగాను. నా మొహం చూసి చెప్పరా, ఆ కత్తి నీదేనా అన్నాను. 'నాకు తెలీదు నాన్నా, ఎలా వచ్చిందో తెలీదు, వాళ్ళే పెట్టుంటారు' అన్నాడు. వాడు అబద్ధం ఆడితే చిన్నప్పటినుంచీ నాకు తెలిసిపోతుంది. ఆడటం లేదు."

"నేను చెప్పలా!" హోసియా బల్ల చరిచాడు. "ఊరేగింపుకి వేసుకునే కోట్లన్నీ ముందురోజే చర్చి కింది గదిలో తగిలించాం. ఆ తలుపుకి గొళ్ళెమే సరిగ్గా పడదు. ఎవడో వచ్చి పెట్టిపోయాడు. ఇవాళ సాయంత్రం సభలో ఆ మాట గట్టిగా చెప్పండి పాస్టరుగారూ. జనం చల్లబడిపోతున్నారు."

"జనం ఏమంటున్నారు?"

హోసియా మజ్జిగ గిన్నె పక్కకి జరిపాడు. "ఏమంటారు! పాస్టరు కొడుకే కత్తి పెట్టుకుని వెళ్ళాడు, మా పిల్లల్ని మాత్రం ఖాళీ చేతుల్తో పోలీసు కుక్కల ముందుకి తోలమంటాడా అంటున్నారు. సోమవారం ఓటరు పేర్లు రాయించుకోడానికి ఎంతమంది వస్తారో నాకు అనుమానమే."

పాస్టరుగారు టోపీ అంచు తిప్పుతూ కూర్చున్నారు. ఒకప్పుడు రేవు దగ్గర తన ముందుపళ్ళు రాలగొట్టినవాడి తల్లి చనిపోతే పూలు పంపిన మనిషి ఆయన. ఆయన మాటమీద ఈ ఊరు ఏడాదిపాటు నడిచింది. ఆయన ఎప్పుడైనా ఉన్నది లేదని చెప్పారని శత్రువు కూడా అనడు.

"నా కొడుకు మీద నా నమ్మకం సాక్ష్యం కాదు హోసియా," అన్నారు. తర్వాత వెర్నెట్టా వైపు తిరిగారు. "సాక్ష్యం నీది తల్లీ. బుట్ట పట్టుకున్నది నువ్వు. వాడి జేబులు చూసింది నువ్వు. ఇవాళ సభలో లేచి నిలబడి నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. నేనేదీ కలపను. నీ మాట చాలు వాళ్ళకి."

వెర్నెట్టా పిల్లని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"పిల్లకి జ్వరం," అంది ఒరాలీ, పొద్దుటినుంచి మొదటిసారి కోడలి గురించి. "దాన్ని వేసుకుని ఏం మాట్లాడుతుంది?"

"రెండు మాటలే కదా ఒరాలీ."

"రెండు మాటలే," అంది ఒరాలీ. ఇస్త్రీపెట్టె దబ్బున దింపింది.

*

పాస్టరుగారు వెనకవైపు కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళారు. హోసియా బొంత చంకన పెట్టుకుని వరండాలోకి పోయాడు. వంటింట్లో ఇద్దరే మిగిలారు.

ఒరాలీ దారాలపెట్టె తెచ్చి బల్లమీద బోర్లించింది. కండెలన్నీ దొర్లాయి. నీలం కండె ఏరి కోడలి ముందు పెట్టింది.

"సన్నకుట్టు, ముడి లోపలికి. ఆ కుట్టు నీకు నేర్పింది నేనే నెట్టా. షెరీఫ్ ఆఫీసులో ఎవరూ నేర్చుకోలేదు."

వెర్నెట్టా పిల్లతో కుర్చీలో కూర్చుంది. "మీకు పొద్దుటినుంచే తెలుసా?"

"కత్తి ఫొటో పేపర్లో చూశాను. మసగ్గా ఉంది. ఆకు కనపళ్ళేదు, పిడి వంపు కనపడింది. కళ్ళజోడు లోపం అనుకున్నాను. అలా అనుకోవాలని చూశాను."

"నేను చెప్పేద్దామనే..."

"నోర్ముయ్. ఎవరికి చెప్తావ్? చెప్తే వాణ్ణి వదిలేసి నిన్ను లోపలేస్తారు. లేదా ఇద్దర్నీ ఉంచుకుంటారు. ఈ పిల్ల ఎవరి పాలు తాగుతుంది? నా దగ్గరున్నాయా?" "సభలో నిలబడు. జేబులు ఖాళీగా ఉన్నాయి అను. ఉన్నాయిగా? అబద్ధం కాదుగా?"

"సోమవారం కోర్టులో ఆ కత్తి పైకెత్తి చూపిస్తారు అత్తమ్మా. ఆకు బొమ్మ అందరికీ తెలుసు. అప్పుడు పాస్టరుగారు అబద్ధం చెప్పించారంటారు. కార్నెల్ దొంగ, పాస్టరుగారు దొంగ, మొత్తం చర్చే దొంగ."

"అలాంటి కత్తులు బోలెడుంటాయి."

"ఉండవు. మీకూ తెలుసు."

ఒరాలీ ఎదురుగా కూర్చుంది. కండెలు ఒక్కొక్కటీ పెట్టెలో వేయడం మొదలెట్టింది.

"ఈయన్ని మొదటిసారి కొట్టి పంపినప్పుడు నాకూ ఆ ఆలోచన వచ్చింది," అంది. "ఆయన కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సూది కూడా తీశాను. పెళ్ళయినప్పటినుంచీ ఆయన చేతులు ఖాళీగా ఉంచడానికి నేనెంత మింగుకున్నానో నీకు తెలీదు. కానీ కుట్టలేదు నెట్టా. నువ్వు కుట్టావ్. నిన్ను తిట్టాలో, నన్ను తిట్టుకోవాలో తేలక పొద్దుటినుంచీ నీ మొహం చూడలేకపోతున్నాను."

పిల్ల ఏడుపు లంకించుకుంది. వెర్నెట్టా బొత్తాం తీసి రొమ్ముకి పట్టుకుంది. పన్ను వస్తున్న చిగురు గట్టిగా కొరికింది. నొప్పికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏడవడానికి ఒక కారణం దొరికినట్టయింది.

"సభలో చెప్పావంటే," అంది ఒరాలీ లేస్తూ, "ఈ పిల్లని నాకప్పజెప్పి పోదామనుకోకు. నేను తీసుకోను. ముందే చెప్తున్నాను."

*

పాస్టరుగారు పెరటి మెట్టు మీద కూర్చుని రేకు తొట్లో కాళ్ళు పెట్టుకున్నారు. నీళ్ళలో ఉప్పు వేసుకున్నారు. ఏదో కూనిరాగం తీస్తున్నారు.

వెర్నెట్టా పక్కన నిలబడి చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే చెప్పింది. దారం, కత్తి, అడవిదారి, జేబుల్లో కన్నాలు, తన నవ్వు.

రాగం ఆగిపోయింది. ఆయన కాళ్ళు కదపలేదు. తొట్లో నీళ్ళు అద్దంలా నిలబడిపోయాయి.

తిడతారనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"హోసియా బొంతలో ఏముందో తెలుసా నీకు?" అన్నారు.

"తెలుసు."

"నాకూ తెలుసు. మన కిటికీలు పగలగొట్టిన వారం నుంచి తెలుసు. ఆ తుపాకి వరండాలో ఉందన్న ధైర్యంతోనే నాకు నిద్ర పడుతోంది. పొద్దున్న లేచి, 'హోసియా, రాత్రి చలేసిందా' అని అడుగుతాను. ఆయన వేసిందంటాడు. ఇద్దరం నవ్వుకుంటాం." ఆయన అరచేతులు చూసుకున్నారు. "జనం పెన్సిళ్ళు కూడా లాక్కున్నాను. నా వరండా మాత్రం తడిమి చూసుకోలేదు."

"మీదేం తప్పు లేదు పాస్టరుగారూ. నాదే."

"నీ తప్పు నీదే. దాన్ని నేను తీసుకోలేను, తీసుకోను. నాది నాకుంది." ఆయన తల ఎత్తారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వాడు నా కళ్ళలోకి చూసి తెలీదన్నాడు. నిజమే చెప్పాడు. ఇప్పుడు నాకు తెలిసింది. తెలీదని ఇంక నేననలేను తల్లీ. ఆ తలుపు నువ్వు మూసేశావ్."

"ఏం చెయ్యమంటారు?"

"అది నన్నడక్కు. నేను చెప్తే నా మాట మీద జైలుకెళ్ళినట్టుంటుంది. పాలిచ్చే పిల్లని వదిలి వెళ్ళమనే నోరు నాకు లేదు. సభలో నీ పేరు పిలవను. కానీ వాళ్ళే పెట్టారని మాత్రం నా నోట రాదు."

కాళ్ళు తుడుచుకోకుండానే లేచి లోపలికి వెళ్ళారు. మెట్ల మీద తడి పాదాల గుర్తులు. ఎండకి అవి చూస్తుండగానే ఆరిపోయాయి.

*

పొద్దుగూకే వేళకి చర్చి నిండింది. విసనకర్రలు ఊగుతున్నాయి. చిట్టచివరి బెంచీ మీద ఎప్పటిలాగే తెల్లజాతి డిప్యూటీ ఒకడు కూర్చున్నాడు. టోపీ ఒళ్ళో, పెన్సిలు చెవి మీద. ప్రతి సభకీ వస్తాడు. ఎవరేం మాట్లాడారో షెరీఫ్‌కి మోస్తాడు. ఇన్నాళ్ళలో ఒక్కసారీ నోరు విప్పలేదు.

హోసియా గుమ్మం బయట మెట్ల మీదే ఆగిపోయాడు. బొంత చర్చి లోపలికి తేడు. అదొక్కటీ ఆయన పట్టింపు.

ఒరాలీ ముందు బెంచీలో కూర్చుంది. వెర్నెట్టా పిల్లతో వచ్చి పక్కన కూర్చోబోతే చేతిసంచీ అడ్డం పెట్టింది. వెర్నెట్టా వెనక బెంచీకి పోయింది.

బుట్ట వేదిక ముందు మెట్టు మీద ఉంది. ఊరేగింపులో అరెస్టయి విడుదలైనవాళ్ళు తమతమ వస్తువులు తీసుకుపోయారు. అడుగున కార్నెల్ దువ్వెన ఒక్కటే మిగిలింది.

పాటలయ్యాయి. పాస్టరుగారు లేచారు. ఒరాలీ ఇస్త్రీ చేసిన చొక్కా కాలరు ఒక పక్క నలిగే ఉంది.

"ఆ కత్తి సంగతి చెప్తానని మీరంతా వచ్చారు. షెరీఫ్ మనుషులు పెట్టారని ఊళ్ళో అనుకుంటున్నారు. నేనూ ఇవాళ మధ్యాహ్నం దాకా అలాగే అనుకున్నాను." ఆయన ఆగారు. "వాళ్ళు పెట్టలేదు. అది నా ఇంట్లోంచే వెళ్ళింది."

విసనకర్రలన్నీ ఒక్కసారి ఆగాయి.

"అయ్యో," అంది ఎవరో ముసలావిడ. "అయితే కుర్రాడిదేనన్నమాట."

"చెప్పలేదూ నేను," అని ఇంకెవరో. "జేబులు తిరగేసి ఎంత నాటకం ఆడాడు! మనందర్నీ నవ్వించాడు కూడాను."

"తండ్రి తల దించుకునేలా చేశాడు."

పాస్టరుగారు ఇంకేదో చెప్పబోయి జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన కళ్ళు ఎటూ తిరగలేదు. వెర్నెట్టా వైపు అసలే తిరగలేదు. ఇచ్చిన మాట అలా నిలబెట్టుకుంటున్నారు.

నాటకం. ఆ మాట వెర్నెట్టా చెవిలో పడింది. ఒక చెవి వినబడని ఆ మనిషి, అక్కడ జైల్లో గోడకి ఆనుకుని, వాళ్ళే పెట్టుంటారని నమ్ముతూ కూర్చున్నాడు. ఇక్కడ అతని నవ్వుని కూడా దొంగనవ్వు చేశారు.

లేచింది. ముందు బెంచీ దాకా వచ్చి ఆగింది. పిల్లని ఎక్కడ పెట్టాలో తెలీలేదు. బెంచీ మీద పెడితే దొర్లుతుంది. కింద పెట్టడానికి మనసు రాలేదు.

ఒరాలీ నేల చూపులు చూస్తూనే ఉంది. చూస్తూనే చేతిసంచీ పక్కకి తీసింది. రెండు చేతులూ పైకెత్తింది.

వెర్నెట్టా పిల్లని ఆ చేతుల్లో పెట్టింది. మెట్టు దగ్గరికెళ్ళి బుట్ట తీసుకుంది. ఊరికే నిలబడి మాట్లాడటం చేతకాదు. ఏదో ఒకటి పట్టుకోవాలి.

"ఆ రోజు దీన్ని పట్టుకున్నది నేనే," అంది. "కార్నెల్ జేబుల్లో ఏం లేదు. అతనికేం తెలీదు. కోటు లైనింగులో కత్తి పెట్టి..."

"ఆ నీలం దారం నాది!"

ఒరాలీ నిలబడి ఉంది, పిల్ల భుజాన. వెనక్కి తిరిగి, చివరి బెంచీలో ఉన్నవాడి కేసి సూటిగా చూస్తోంది. "నా పెట్టెలోది. ఊళ్ళో కోట్లన్నీ కుట్టేది నేనే. రాసుకో."

డిప్యూటీ చెవి మీంచి పెన్సిలు తీశాడు. ఇన్నాళ్ళకి నోరు విప్పాడు. "ఏంటి థాడియస్, ఇద్దరిలో ఎవరు? నీ పెళ్ళామా, నీ కోడలా? నువ్వైతే అబద్ధం ఆడవంటారుగా."

ఆయన్ని అలా పేరుపెట్టి పిలిచేది ఊళ్ళో తెల్లవాళ్ళొక్కళ్ళే. పాస్టరుగారు జేబురుమాలు దించారు. భార్యని చూశారు. ఆయన పెదవులు కదిలాయి.

"దారం మా అత్తమ్మది," అంది వెర్నెట్టా, ఆయన నోరు తెరవకముందే. "కత్తి మా నాన్నది. కుట్టింది నేను. వెర్నెట్టా ప్రూయిట్. రాసుకోండి."

ఒరాలీ కళ్ళు మూసుకుంది.

డిప్యూటీ లేచి వచ్చి వెర్నెట్టా మోచెయ్యి పట్టుకున్నాడు. ఎవరూ అడ్డం రాలేదు. పాస్టరుగారు నేర్పినట్టే అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వెనకనుంచి డెల్లా ఏడుపు. ఆ ఏడుపుకి రొమ్ములు తడిసి గౌను ముందు భాగం చెమ్మగిల్లింది. బుట్ట అడ్డం పెట్టుకుంది. ఇంకా తన చేతిలోనే ఉందని అప్పుడే తెలిసింది.

గుమ్మం దగ్గరికొచ్చేసరికి హోసియా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. బొంత మడత విప్పేశాడు. ఒక అంచు నేల మీదికి జారింది. లోపల చెయ్యి ఉంది.

"పసిపిల్ల తల్లి," అన్నాడు. ఆయన గొంతులో నవ్వు లేదు. "వదిలెయ్."

మోచేతి మీద వేళ్ళు బిగిశాయి. డిప్యూటీ రెండో చెయ్యి మెల్లగా నడుము దగ్గరికి పోయింది.

"హోసియా!" పాస్టరుగారు వాచిన కాళ్ళతో నడవలో పరుగులాంటి నడక నడిచి వస్తున్నారు. "హోసియా, అది కింద పెట్టు. నాకు తెలుసు అదేంటో. మొదటినుంచీ తెలుసు. అడక్కపోవడం నా తప్పు. ఇప్పుడు అడుగుతున్నాను."

హోసియా ఆయన వైపు చూడలేదు. వెర్నెట్టానే చూస్తున్నాడు, తల ఊపితే చాలన్నట్టు.

వెర్నెట్టా డిప్యూటీ పట్టుకోని రెండో చేత్తో బుట్ట ముందుకి చాపింది. ఆ రోజు గుమ్మంలో అందరి ముందూ చాపినట్టే. అడుగున కార్నెల్ దువ్వెన టకటకలాడింది.

"వెయ్యి బ్రదర్ హోసియా," అంది. "ఈసారి నేను చూస్తున్నాను."

బొంత లోపలి చెయ్యి కదల్లేదు.